జాకెట్టు కుట్టిన చెయ్యి, అబాయా గుడ్డ

కడప, బద్వేలు, ప్రొద్దుటూరు వీధుల్లో మిషను నేర్చుకున్న చేతికి ఒక అలవాటు ఉంటుంది. కుడిచెయ్యి గుడ్డను ముందుకు తోస్తుంటే, ఎడమచెయ్యి సూది వెనక నుంచి కొంచెం లాగుతుంది. టూ బై టూ రూబియా, పాప్లిన్ ఆ లాగుడుకు ఓర్చుకుంటాయి. కువైట్‌కు పోయాక మొదటి వారంలో మనవాళ్ళ పని చెడేది దాని వల్లే. అక్కడ చేతికొచ్చేవి అబాయాల గుడ్డలు, అంటే ఆడవాళ్ళు బట్టల పైన వేసుకునే పొడవాటి వదులు గౌన్లవి: నిదా, క్రేప్, షిఫాన్, చలికాలంలో వెల్వెట్. లాగితే సాగుతాయి, గుడ్డను నొక్కే ఫుట్ ఎత్తగానే వెనక్కి ముడుచుకుంటాయి, కుట్టంతా ముడతలే. పైగా లాగుడికి సూది వంగి ప్లేటుకు తగులుతుంది. మొన మొండిబారి, ఇక అక్కడి నుంచి ప్రతి పోటుకూ ఒక దారం లేస్తుంది. గుడ్డను సూది కింద ఉండే మిషను పళ్ళే లాక్కుపోవాలి, చేతులు దారి చూపితే చాలు.

ఊర్లోని చిన్న మిషను తీసుకుపోయినా నడుస్తుంది. అక్కడి కరెంటు 240 వోల్టులు, 50 హెర్ట్జ్, ప్లగ్గుకు మాత్రం మూడు పలక కాళ్ళుంటాయి. షాపుల్లో ఉండే పెద్ద మిషన్లకు మన సూది పట్టదు. ఇంటి మిషను సూదికి పైన ఒక పక్క చదునుగా ఉంటుంది కాబట్టి తప్పుగా పెట్టలేం. పెద్ద మిషను సూది, డీబీ వన్ అంటారు, చుట్టూ గుండ్రమే. పొడుగు గాడి ఎడమకు తిప్పి బిగించి, దారం ఎడమ నుంచి కుడికి ఎక్కించాలి. గాడి కొంచెం పక్కకు తిరిగినా కుట్లు దాటేస్తుంది. కొత్తవాళ్ళు సూది సంగతి చూడకుండా, దారం బిగువు మార్చే టెన్షన్ స్క్రూ తిప్పుతూ కూర్చుంటారు.

నిదా పాలియెస్టర్. 11 నంబరు సూది, పాలియెస్టర్ దారం, కుట్టు పొడవు రెండున్నర మిల్లీమీటర్లు సరిపోతాయి. 56 అంగుళాల పొడవు అబాయాకు 60 అంగుళాల పన్నా (వెడల్పు) గుడ్డ మూడు నుంచి మూడున్నర మీటర్లు పడుతుంది, తలగుడ్డ వేరే. కష్టమంతా ఇస్త్రీలో ఉంది. నల్లగుడ్డ మీద వేడి ఇస్త్రీ ఆనితే మెరుపు మచ్చ పడుతుంది, అది ఉతికినా పోదు. ఎప్పుడూ తిరగేసి, మధ్యలో పల్చటి కాటన్ గుడ్డ వేసి, తక్కువ వేడితో చెయ్యాలి. గుర్తులకు మైనపు చాక్ వద్దు, వేడికి కరిగి నూనె మరకవుతుంది. తెల్ల దారంతో కచ్చాకుట్టు వేసుకుంటే నలుపు మీద కంటికీ ఆనుతుంది.

షిఫాన్‌కు 9 నంబరు సూది, కుట్టు పొడవు రెండు మిల్లీమీటర్లు. మొదటి పోటుకే గుడ్డ ప్లేటు రంధ్రంలోకి దిగిపోతుంది. పై దారం, కింది దారం రెండు కొసలూ వెనక్కి పట్టుకుని మొదలుపెట్టాలి, కింద పల్చటి తెల్ల కాగితం పరచాలి. మనకు పాత న్యూస్‌పేపరు మీద డ్రాఫ్టింగ్ గీసే అలవాటుంది కదా, అది మాత్రం ఇక్కడ వాడొద్దు, సిరా లేతరంగు గుడ్డకు అంటుతుంది. కుట్టాక కాగితాన్ని ఒకేసారి పీకకుండా, కుట్టు మీద వేలు ఆనించి పక్కకు చింపాలి.

షిఫాన్‌లో కుట్టు అంచు బయటికి కనపడుతుంది, అంచుకు దారం చుట్టే ఓవర్‌లాక్ వేస్తే గొంగళిపురుగు పాకినట్టుంటుంది. దానికి రెండు వరసల కుట్టే మేలు. కటింగ్‌లోనే అర అంగుళం వదులుకోవాలి. ముందు రెండు ముక్కల తిరగవైపులు లోపలికి, ముఖాలు బయటికి ఉండేలా పెట్టి పావు అంగుళంలో కుట్టాలి. అంచును అందులో సగానికి కత్తిరించి, తిరగేసి, కుట్టు సరిగ్గా మడత మీదికొచ్చేలా ఇస్త్రీ చేసి, మళ్ళీ పావు అంగుళంలో కుడితే పోగులన్నీ లోపల బందీ. కత్తిరించడం బద్ధకిస్తే ముఖం వైపు పోగులు వెంట్రుకల్లా పొడుచుకొస్తాయి.

ఘేరు (కింది చుట్టు వెడల్పు) ఎక్కువున్న అబాయాకు అంచు ఆరోజే మడవకూడదు. ఓరగా కోసిన చోట గుడ్డ తన బరువుకు తనే జారుతుంది. ఒకరోజంతా హ్యాంగరుకు వేలాడదీసి, తర్వాత నేల నుంచి స్కేలు పెట్టి సమం చేసి కోయాలి. మడత పావు అంగుళం మించొద్దు. గుండ్రటి ఘేరులో అంచు చుట్టుకొలత దానిపై భాగం కన్నా పెద్దది, వెడల్పుగా మడిస్తే మిగిలిన గుడ్డకు పోయే చోటుండదు.

లైనింగ్‌లోనూ కాటన్ వేసే మన పద్ధతి ఎదురుతిరుగుతుంది. ఉతికితే నిదా కుదించుకోదు, కాటన్ లైనింగ్ కుదించుకుంటుంది. రాత్రంతా నానబెట్టి ఆరేసిన కాటన్ అయినా వేయాలి, లేదా పాలియెస్టర్ లైనింగే వేయాలి. కింద అంచు దగ్గర రెంటినీ కలిపి కుట్టకుండా, లైనింగ్‌ను ఒక అంగుళం పొట్టిగా విడిగా వదిలేయడం మంచిది.

వెల్వెట్‌కు 14 నంబరు సూది. ముక్కలన్నీ నూగు ఒకే దిక్కుకు ఉండేట్టు కోయాలి. ఒక చేతి ముక్క తలకిందులుగా పడిందంటే అదే గుడ్డ రెండు రంగులుగా కనపడుతుంది, దాన్ని సరిచేసే మార్గం లేదు. నూగు మీద నూగు జారుతుంది కాబట్టి కచ్చాకుట్టు రెండు వరసలు వేయాలి. ఇస్త్రీ ముఖం మీద పెట్టొద్దు.

ఖద్దామా (ఇంటి పనిమనిషి) వీసా మీద పోయే అక్కచెల్లెళ్ళకు ఒక మాట. మీ మామా, అంటే ఇంటి యజమానురాలి, బట్టలు ఎన్నయినా సరిచేసిపెట్టండి కానీ, పక్కింటికి డబ్బులకు కుట్టడం కుదరదు. ఆ వీసా ఆ ఇంటి పనికే.

పోయేముందు సాధనకు కొత్త గుడ్డ కొనక్కర్లేదు, పాత జార్జెట్ చీర చాలు. ఇరవై అంగుళాల పట్టీలు ఎనిమిది కోయండి, నాలుగు నిలువుగా, నాలుగు ఓరగా. రెండేసి కలిపి కుట్టి టేపు పెట్టండి. నిలువు పట్టీ పందొమ్మిదిన్నరకు తగ్గితే దారం బిగువెక్కువ. ఓరపట్టీ ఇరవై ఒకటికి పెరిగితే మీ ఎడమచెయ్యి ఇంకా లాగుతోంది.