చాందా గోడ: నాలుగు దర్వాజాలు, ఐదు ఖిడ్కీలు

మహారాష్ట్రలో, వార్ధా నదికి ఇవతల రాజురాలో ఉండే మా తెలుగు కుటుంబాలకు చంద్రపూర్ అంటే కలెక్టరు కచేరీ, పెద్దాసుపత్రి, పెళ్ళిబట్టల దుకాణాలు. 1956 వరకు మా తాలూకా హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లాలో భాగంగా ఉండేది. తరువాత నాందేడుకూ, 1959లో చంద్రపూర్‌కూ మార్చారు. జిల్లా కేంద్రం అలా మారింది కాబట్టి ఆ ఊరితో మా పెద్దలకు ఏర్పడిన పరిచయం కాగితాల పరిచయమే. 1964లో అధికారికంగా పేరు మారినా ఇంట్లో మాత్రం ఈనాటికీ అది చాందాయే. ఆ ఊరిని పని మీద కాకుండా, కేవలం చూడడానికి నడవదలచినవారు బజారు గుండా కాక, ఊరి చుట్టూ గోండు రాజులు కట్టిన కోటగోడ వెంట నడవాలని నా అభిప్రాయం. గాంధీ చౌక్ చుట్టూ ఉన్న వీధుల్లో పాత ఇళ్ళు ఒక్కొక్కటే కూలి, వాటి చోట అద్దాల ముఖాల దుకాణాలు లేస్తున్నాయి. గోండు రాజుల ఊరు ఎలా ఉండేదో చెప్పే శక్తి ఇప్పుడు ఆ వీధులకన్నా గోడకే ఎక్కువ.

గోండు రాజుల తొలి రాజధాని మనకు దగ్గరిదే, నేటి ఆసిఫాబాదు జిల్లాలోని సిర్పూర్. అక్కడి నుంచి వార్ధా ఒడ్డున బల్లార్షాకూ, అక్కడి నుంచి చాందాకూ రాజధాని కదిలింది. ఒళ్ళంతా కణుతులతో బాధపడుతున్న ఖాండక్యా బల్లాళ్ షా వేటకు వచ్చి, దాహం వేసి, ఝర్పట్ వాగులోని మడుగు నీళ్ళతో ముఖం కడుక్కోగా ఆ జబ్బు నయమైందనీ, ఆ చోటే అచలేశ్వరుడి గుడి వెలిసిందనీ చెబుతారు. తరువాత ఒక కుందేలు రాజుగారి వేటకుక్కను తరిమిందట; అది పరుగెత్తిన దారి వెంటే గోడకు పునాది గీశారట. ఇదే కుందేలు హంపీలో విద్యారణ్యుల కథలోనూ పరుగెత్తింది కనుక దక్కను రాజధానులన్నింటికీ దాని సేవలు అందుబాటులో ఉండేవని అనుకోవాలి. కథ సంగతి ఎలా ఉన్నా, పదిహేనో శతాబ్దంలో ఖాండక్యా మొదలుపెట్టిన ఈ గోడ పూర్తికావడానికి తరాలు పట్టింది. ధుండ్యా రాంషా కాలానికిగాని అది ముగియలేదు.

గోడకు నాలుగు పెద్ద ద్వారాలు ఉన్నాయి: జట్‌పురా, పఠాన్‌పురా, అంచలేశ్వర్, బిన్బా. వీటి మీద గోండు రాజచిహ్నమైన సింహం ఏనుగును అణచిపట్టి ఉంటుంది. జట్‌పురా దర్వాజా దగ్గర ఆ శిల్పాన్ని తలెత్తి తాపీగా చూడడం ప్రాణాలతో చెలగాటమే. ఏనుగు అంబారీతో వెళ్ళడానికి కట్టిన కమాను కింద నుంచి ఇవాళ ఆటోలూ, మోటారు సైకిళ్ళూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ దూరుతాయి. ఉదయం ఆరున్నరకు ముందు వెళితే ఆ దర్వాజాను మీరు చూడగలుగుతారు, తరువాత వెళితే అదే మిమ్మల్ని తోసేస్తుంది.

దర్వాజాలు రాజులవి, సైన్యాలవి. ఊరి మామూలు జీవితం నడిచింది మాత్రం ఖిడ్కీల గుండానే అనిపిస్తుంది. గోడలో మనుషులు నడిచి వెళ్ళడానికి విడిచిన చిన్న ద్వారాలు అవి: హనుమాన్, విఠోబా, బగడ్, చోర్, మసాన్. ఏ కందకానికో ఏ బురుజుకో కాక దేవుడి పేరూ, దొంగ (చోర్) పేరూ, శ్మశానం (మసాన్) పేరూ పెట్టుకున్న ఈ చిన్న దారుల జాబితా చదివితే ఊరికి బయటితో ఏమేం పనులుండేవో తెలిసిపోతుంది. ఎత్తు తక్కువైన ఈ ఖిడ్కీల దగ్గర గోడ మందం కూడా బాగా అర్థమవుతుంది. దర్వాజాల దగ్గర వాహనాల హోరులో మనం గమనించని సంగతి అది.

ఈ గోడ శత్రువులను ఆపిన చరిత్ర అంత గొప్పదేమీ కాదు. 1751 నాటికి నాగపూర్ భోంస్లేలు గోండు రాజ్యాన్ని మింగేశారు. 1818 మేలో ఇంగ్లీషువారు ఫిరంగులతో గోడకు గండి కొట్టి ఊరిని పట్టుకున్నారు. గోడ నమ్మకంగా పనిచేసింది నీటి విషయంలోనే. పడమట ఇరై నది, తూర్పున ఝర్పట్, రెండూ ఊరికి దక్షిణాన కలుస్తాయి. వార్ధా పోటెత్తినప్పుడు ఇరై నీళ్ళు ముందుకు పోలేక వెనక్కి తన్నుకొస్తాయి. అలాంటి రోజుల్లో పఠాన్‌పురా దర్వాజా అవతలి దారి మునిగిపోవడం మా ప్రాంతంలో అందరూ ఎరిగినదే. ఊరి పల్లపు వైపున గోడ ఒక కట్టలాగా నిలబడిన తీరు చూస్తే, కట్టినవారికి ఫిరంగి గురించి తెలిసినదానికన్నా వరద గురించే ఎక్కువ తెలుసునని ఒప్పుకోవలసి వస్తుంది.

అంచలేశ్వర్ దర్వాజా పక్కనే గోండు రాజుల సమాధుల ఆవరణ ఉంది. నాకు ఊరు మొత్తంలో బాగా నచ్చిన చోటు ఇదే. వాటిలో పెద్దది బీర్‌షాది. పద్దెనిమిదో శతాబ్దపు తొలినాళ్ళలో, సొంత అంగరక్షకుడైన హీరామన్ చేతిలో అతడు హతమయ్యాడని చెబుతారు. భర్త మీద ఆ సమాధిని నిలిపినది రాణి హీరాయీ. బాల రాజు తరఫున రాజ్యం నడుపుతూ, గోడకు బయట మహాకాళి గుడిని కట్టించినదీ ఆమే. గుమ్మటం చూసి బీర్‌షా సమాధిని మొగలు కట్టడమని సరిపెట్టుకునేవారున్నారు, కానీ చనిపోయినవారిని పూడ్చిపెట్టే గోండు ఆచారం లేకపోతే ఈ సమాధికి అసలు అవసరమే లేదు. రూపం ఢిల్లీ వైపు నుంచి వచ్చినా కారణం ఇక్కడిదే. చైత్రమాసంలో మహాకాళి యాత్రకు నాందేడు వైపు నుంచీ, తెలంగాణ నుంచీ వచ్చే జనం ఈ ఆవరణ ముందు నుంచే సాగిపోతారు. లోపలికి తొంగిచూసేవారు బహు కొద్దిమంది.

జిల్లా జైలు గోడ లోపలే, గోండుల కాలపు కోటలో ఉంది. అహేరి ప్రాంతపు మొలంపల్లి జమీందారు బాబూరావు పుల్లేశ్వర్ షెడ్మాకేను 1858 అక్టోబరు 21న ఉరితీసింది ఇక్కడే. సిరొంచ, అహేరి వైపు తెలుగువారికి ఇది పరాయి చరిత్ర కాదు. ఇంగ్లీషువారి మీద ఆయన తిరుగుబాటు నడిచినది ప్రాణహిత ఒడ్డున, గోండీ, తెలుగు, మరాఠీ కలగలిసి వినిపించే పల్లెల్లో.

ఇరవై ఏళ్ళ కిందట ఈ నడక సాధ్యమయ్యేది కాదు, ఎందుకంటే రావి, మర్రి మొక్కలు రాళ్ళ సందుల్లో వేళ్ళు దింపి బురుజులను విడదీస్తూ ఉండేవి; గోడ పైభాగమంతా ముళ్ళపొదలు, చెత్త. 2017లో ఎకో-ప్రో అనే స్థానిక సంస్థ యువకులు కత్తులూ పారలూ పట్టుకుని నెలల తరబడి శుభ్రం చేశారు. బగడ్ ఖిడ్కీ వైపు ఇప్పుడు గోడ మీద నడవవచ్చు: ఒక పక్క డాబాల మీద ఆరేసిన చీరలు, మరో పక్క చెట్లు. అయితే చాలాచోట్ల ఇళ్ళు గోడను ఆనుకుని, కొన్నిచోట్ల గోడనే వెనుక గోడగా చేసుకుని ఉన్నాయి. వాటన్నింటినీ ఒక్కసారిగా తొలగించాలనే వాదన నాకు సమ్మతం కాదు. ఖాళీ చేయించిన గోడ పక్కన మళ్ళీ పెరిగేది ముళ్ళపొదే.

చాలామంది అంచలేశ్వర్ దర్వాజాతో నడక ముగిస్తారు. దాన్ని దాటి లాల్‌పేట వైపు వెళితే, ఆరుబయట నేల మీద వాలి ఉన్న పెద్ద పెద్ద ఏకశిలా విగ్రహాలు కనిపిస్తాయి: పది ముఖాల దుర్గ, శివలింగం, నంది, వినాయకుడు. రాయప్ప అనే కోమటి గొప్ప శివాలయం కట్టాలని వీటిని చెక్కించాడనీ, గుడి లేవకముందే కన్నుమూశాడనీ ప్రతీతి. ఆ చుట్టుపక్కలే బొగ్గు గనులు, వాటిలో పనికి కరీంనగర్, ఆదిలాబాదు వైపుల నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు. గోడ లోపల తెలుగువాడి జాడ కోసం వెతికి విసిగినవారు ఇక్కడికి రావాలి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్నా విగ్రహాలకు పసుపు కుంకుమలు ఆగలేదు. ఎండాకాలం మాత్రం వద్దు. చంద్రపూర్ మే నెల ఎండకు రాయి మీద చేయి పెట్టలేము. డిసెంబరు పొద్దుట వెళ్ళి, లాల్‌పేట సెంటర్‌లో చాయ్ తాగుతూ తెలుగులో దారి అడిగితే ఎవరో ఒకరు వెంట వచ్చి చూపిస్తారు.