డీవీసీ (గృహహింస కేసు) వేసేముందు చూసుకోవాల్సినవి

దెబ్బలు తగిలి గుంటూరు జీజీహెచ్ క్యాజువాలిటీకి వెళ్తే పక్కన భర్తో అత్తగారో నిలబడి ఉంటారు. డాక్టరు అడిగితే ‘బాత్రూంలో జారిపడ్డానండీ’ అనేస్తారు. చీటీ మీద అదే పడుతుంది. రేపు కోర్టులో అవతలి లాయరు చదివి వినిపించేదీ ఆ చీటీనే. ఎవరు కొట్టారో, దేనితో కొట్టారో దయచేసి అక్కడే చెప్పండమ్మా.

మెట్టినిల్లు హైదరాబాదైనా సరే, ప్రస్తుతం గుంటూరులో పుట్టింట్లో ఉంటే ఇక్కడి మేజిస్ట్రేట్ కోర్టులోనే కేసు వేయొచ్చు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆడవాళ్లకు ఆదాయం చూడకుండా ఉచితంగా లాయర్ని ఇస్తుంది, ఫోన్ 15100. రక్షణ అధికారి (గృహహింస చట్టం కింద ప్రభుత్వం నియమించే అధికారి) రిపోర్టు ఉంటే మంచిదే. లేకపోయినా కేసు ఆగదని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది.

పిటిషన్‌లో ‘తరచూ కొడుతున్నాడు’ అని రాస్తే బలం ఉండదు. ‘సంక్రాంతి మర్నాడు రాత్రి, వంటింట్లో, అట్లకాడతో ఎడమ మోచేతి మీద కొట్టాడు, పై వాటాలో ఆవిడ అరుపులు విన్నారు’ అని రాయించండి. తేదీ గుర్తులేకపోతే పండగ సమయమో, పిల్లల పరీక్షల సమయమో చెప్పండి, కల్పించొద్దు. ఒక్కటి తప్పని తేలితే మిగతావీ నమ్మరు.

చాలామంది వదిలేసేది గృహహింస చట్టంలోని 23వ సెక్షన్. కేసును 60 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలని 2005 నాటి ఈ చట్టం చెబుతున్నా, వాయిదాలు నెలల తరబడి సాగుతాయి. అందుకే పిటిషన్‌తోపాటే అఫిడవిట్ పెట్టి 23 కింద మధ్యంతర ఉత్తర్వు అడగాలి. ప్రమాదం ఉందనిపిస్తే అవతలివాళ్లు రాకముందే జడ్జిగారు ఇవ్వొచ్చు. కొట్టకూడదు, పనిచేసే చోటికి రాకూడదు, ఫోన్ చేయకూడదు అనే రక్షణ ఉత్తర్వులు 18వ సెక్షన్ కింద; ఇంట్లోంచి గెంటకుండా 19; మనోవర్తికి 20; పిల్లల కోసం 21. దేనికది విడిగా అడగండి. ఇల్లు మామగారి పేరున ఉందని 19ని వదులుకోవద్దు. అత్తమామల ఇల్లు కూడా ఉమ్మడి నివాసం కావచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

భర్త అడ్రసు తప్పితే నోటీసు వెనక్కొస్తుంది, వాయిదా పోతుంది. పాత డోర్ నంబరు ఒక్కటే ఇవ్వకుండా పనిచేసే చోటూ రాయించండి.

ఉత్తర్వు కాపీ ఉచితం. స్టేషన్‌కూ ఒకటి చేరాలి, చేరిందో లేదో మీరే కనుక్కోండి. మధ్యంతరమైనా సరే, రక్షణ ఉత్తర్వును మీరితే ఏడాది వరకు జైలు, 20,000 వరకు జరిమానా, లేదా రెండూ. వారంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయొచ్చు. కాపీ ఫోటో మీ ఫోన్లోనూ, అమ్మ ఫోన్లోనూ ఉంచండి. అతను తలుపు కొడుతుంటే 112కి చేసి, కోర్టు ఉత్తర్వు ఉందన్న మాటే ముందు చెప్పండి.