చీటీల డబ్బా: మా లా కాలేజీ వారోత్సవంలో నా అనుభవం

డిగ్రీ అయిన ఎనిమిదేళ్లకు లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి, ఒంగోలులో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరాను. రెండో ఏడాదిలో, 2024 నవంబరు 20 నుంచి 26 దాకా, కాలేజీలో రాజ్యాంగ వారోత్సవం పెట్టారు. రాజ్యాంగ సభ రాజ్యాంగాన్ని ఆమోదించి ఆ 26కి సరిగ్గా 75 ఏళ్లు. క్లాసులో అందరికన్నా పెద్దదాన్ని కాబట్టి విద్యార్థుల తరఫున బాధ్యత నాకు అప్పగించారు.

పని అక్టోబరులోనే మొదలైంది. అతిథిని పిలవడమంటే ఫోన్ చేసి రమ్మనడమే అనుకున్నాను. జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శిగా ఉన్న జడ్జి మేడమ్‌ను పిలుద్దామంటే, లేఖ ఆ సంస్థ చైర్మన్ అయిన ప్రధాన జిల్లా జడ్జి గారి పేరున పెట్టాలన్నారు. లేఖతోపాటు కార్యక్రమ వివరం, మిగతా వక్తల పేర్లు, వాళ్లు మాట్లాడే విషయాలు జతచేయాలి. ఉద్యోగంలో ఉన్న జడ్జీలు కోర్టు అయ్యాకే వస్తారు, కాబట్టి సమయం నాలుగున్నర దాటాకే పెట్టుకోవాలి. ప్లీడర్లయితే వాయిదాలు చూసుకుని చెబుతామంటారు. నెల రోజులు కోర్టు ఆవరణలో చెట్టు కింద నిలబడి నేర్చుకున్నది, క్లాసులో ఒక సెమిస్టరులో నేర్చుకున్నదానికి తక్కువేం కాదు.

మొదటి రోజు రిటైరైన జడ్జి గారు ఒకరు కేశవానంద భారతి కేసు మీద మాట్లాడారు. చాలా గొప్ప ప్రసంగం. 1967లో గోలక్‌నాథ్ కేసులో 11 మంది జడ్జీల్లో ఆరుగురు, ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదని ఎలా తేల్చారో చెప్పారు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు రాజమండ్రిలో పుట్టినవారు. ఆ తర్వాత 1973లో కేశవానంద భారతి కేసు: 13 మంది ధర్మాసనం, 68 రోజుల వాదనలు, సవరణలతో కూడా రాజ్యాంగపు మూల లక్షణాలను చెరిపేయకూడదంటూ ఏడుకి ఆరు తేడాతో వచ్చిన మౌలిక స్వరూప సిద్ధాంతం. గంటా పది నిమిషాలు, మొత్తం ఇంగ్లీషులో.

చివర ప్రశ్నలు అడగమన్నారు. మైకు పట్టుకుని వరసల మధ్య తిరిగాను. రెండొందల మందికి పైగా ఉన్న హాల్లో ఒక్క చెయ్యి లేవలేదు. ఆయన కాసేపు చూసి నవ్వి కూర్చున్నారు.

బయటికొచ్చాక కనిగిరి వైపు నుంచి వచ్చే మా క్లాసు అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, పార్లమెంటు దేన్నైనా మార్చొచ్చు గానీ రాజ్యాంగం రాజ్యాంగంలాగే మిగలాలి, అంతేనా? మరి ఏది మౌలికమో ఎవరు చెబుతారు? మళ్లీ కోర్టేనా?" అని అడిగింది. ఆ రోజంతా చెప్పినదాని మీద అంతకన్నా మంచి ప్రశ్న ఉంటుందా? లోపల ఎందుకు అడగలేదంటే, ఇంగ్లీషులో కూడబలుక్కునేలోపు అయిపోయిందంది. తను తెలుగు మీడియం. నేనూ అంతే. మా క్లాసులో సగానికి పైగా అంతే.

ఆ రాత్రి బాగా ఆలోచించి, ఒక అట్టపెట్టెకు కంత పెట్టాను. మరుసటి రోజు ప్రతి కుర్చీలో ఒక తెల్ల చీటీ పెట్టాం. పేరు రాయక్కర్లేదు, తెలుగులో రాయండి అని చెప్పాం. వచ్చే అతిథులందరికీ ఫోన్ చేసి, వీలైతే తెలుగులో మాట్లాడమని, కనీసం జవాబులు తెలుగులో చెప్పమని బతిమాలాను. ఎవరూ కాదనలేదు. అడగకపోవడమే ఇన్నాళ్లూ మా తప్పు.

రెండో రోజు పబ్లిక్ ప్రాసిక్యూటర్ గారు కొత్త క్రిమినల్ చట్టాల మీద మాట్లాడారు. జులై 1 నుంచి అమల్లోకి వచ్చాయి కాబట్టి అప్పటికి ఇంకా అయిదు నెలలు కూడా కాలేదు. డబ్బా సగం నిండింది. "జీరో ఎఫ్‌ఐఆర్ అంటే నిజంగా రాసుకుంటారా, మీ స్టేషన్‌కి పొమ్మంటారా?" "ఫిర్యాదు ఫోన్‌లో పంపితే చాలా?" "ఎస్సై తీసుకోకపోతే ఏం చేయాలి?" ఆయన చీటీలు ఒక్కొక్కటే చదివి, ఆ కొత్త చట్టాల్లో ఒకటైన భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 173వ సెక్షన్‌ను విడమరిచారు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, జీరో ఎఫ్‌ఐఆర్ అంటే అదే. ఎలక్ట్రానిక్‌గా పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదికి ఉచితంగా ఇవ్వాలి. తీసుకోనంటే ఫిర్యాదును రాతపూర్వకంగా పోస్టులో ఎస్పీకి పంపాలి, అప్పటికీ కదలకపోతే మెజిస్ట్రేటు దగ్గరికి వెళ్లాలి. గంట అనుకున్నది రెండు గంటలు నడిచింది, మధ్యలో ఎవరూ లేవలేదు.

మూడో రోజు మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం రావాల్సిన వక్త కోర్టు పని పడిందని కబురు పంపారు. నాకు కాళ్లు చేతులు ఆడలేదు. మా సార్ ఒకరు, సివిల్ కోర్టులో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన పేరు చెప్పారు. ఇంటికి వెళ్లి అడిగితే చొక్కా మార్చుకుని నాతోనే బయల్దేరారు. ఆ వారమంతటిలో నాకు గుండెల్లో నిలిచిపోయిన గంట ఆయనదే.

దావా వేసేటప్పుడు కోర్టు ఫీజు, వకాలతు, పత్రాల జాబితా ఇవన్నీ ఎలా చూస్తారో, అభ్యంతరం రాసి ఎందుకు తిప్పి పంపుతారో ముందు చెప్పారు. తర్వాత సాక్ష్యం దగ్గరికొచ్చారు. "సాక్షి తెలుగులో చెబుతాడు, కాగితం మీద ఇంగ్లీషులో పడుతుంది. మధ్యలో మాట మారితే కేసే మారుతుంది" అన్నారు. బోర్డు మీద మూడు వాక్యాలు రాశారు. నా మీదకొచ్చాడు. నన్ను తోశాడు. నా మీద చెయ్యి చేసుకున్నాడు. వీటిని ఇంగ్లీషులో రాయమన్నారు. దాదాపు అందరం మూడింటికీ అసాల్ట్ అనే రాశాం.

అప్పుడు ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత తెరిపించారు. కొడతాడేమో అన్న భయం కలిగేలా మీదికి రావడం 130వ సెక్షన్ కింద అసాల్ట్, అందులో ఒంటి మీద చెయ్యి పడనక్కర్లేదు. తోయడం 129 కింద క్రిమినల్ ఫోర్స్. కొట్టి నొప్పి కలిగిస్తే 114 కింద హర్ట్. మన ఊళ్లో చదువు రాని మనిషి కూడా ఈ మూడింటి తేడా తెలిసే మాట్లాడతాడు. రాసేవాళ్లం మూడింటినీ కలిపేస్తాం, అన్నారాయన. ఆ మాట విన్నాక నా ఇంగ్లీషు గురించి నాకున్న దిగులు పక్కకు జరిగింది. నాకొచ్చిన తెలుగు ఈ వృత్తికి పనిముట్టు అని అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

శనివారం ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. సీనియర్ న్యాయవాది ఒకరు కారంచేడు నుంచి మొదలుపెట్టారు. ఆ ఊరు అప్పుడు ప్రకాశం జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు బాపట్ల జిల్లా. 1985 జులై 17న, మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవ తర్వాత ఆరుగురు దళితులను చంపారు. బతికినవాళ్లు చీరాలకు వచ్చి శిబిరంలో తలదాచుకున్నారు. 1989లో వచ్చిన ఈ చట్టం అప్పటికి లేదు. ఆ కేసులో సుప్రీంకోర్టు తుది తీర్పు 2008లో వచ్చింది. హాల్లో చప్పుడు లేదు, కానీ అది మొదటి రోజు మౌనం కాదు. ఈ చట్టం కింద కేసును డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలనీ, 2015 సవరణతో వచ్చిన 15ఏ సెక్షన్ ప్రకారం బెయిలు దగ్గర నుంచి శిక్ష దాకా బాధితులకు తమ మాట వినిపించుకునే హక్కు ఉందనీ చెప్పారు. "మీరు ప్లీడర్లయ్యాక ఆ హక్కు ఉందని వాళ్లకు ముందు చెప్పండి, ఫీజు సంగతి తర్వాత" అన్నారు.

ఆదివారం పక్క ఊళ్లో న్యాయ అవగాహన శిబిరం పెట్టాం. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉందంటే ఒకామె నమ్మలేదు. న్యాయ సహాయం కోసం ఫోన్ చేయాల్సిన 15100 నంబరు గోడ మీద బొగ్గుతో రాసుకుంది. సోమవారం మూట్ కోర్టు, అంటే విద్యార్థుల నమూనా వాదనల పోటీ, ఫైనల్ బాగానే జరిగింది.

26న ఉదయం పదకొండింటికి అందరం నిలబడి రాజ్యాంగ ప్రవేశిక తెలుగులో చదివాం. సాయంత్రం జడ్జి మేడమ్ వచ్చారు. ఆమె ప్రసంగం అయ్యాక డబ్బా తీసుకెళ్లి బల్ల మీద పెట్టబోతుంటే, మూడో వరసలో చెయ్యి లేచింది. కనిగిరి అమ్మాయి. మైకు అందించాను.

"మేడమ్, సాక్షి చెప్పిన మాట ఇంగ్లీషులో తప్పుగా పడితే, అది తప్పని ఆ సాక్షికి ఎట్లా తెలుస్తుంది?"

మేడమ్ కూర్చున్న చోటు నుంచి లేచి జవాబు చెప్పారు. సాక్షి కోర్టు భాషలో చెబితే ఆ భాషలోనే రాసుకోవాలని బీఎన్‌ఎస్‌ఎస్ 312 అంటుంది. వేరే భాషలో రాసి ఉంటే, ఆ సాక్షికి అర్థమయ్యే భాషలో చెప్పి వినిపించాలని 313 అంటుంది. అది తప్పని సాక్షి అంటే, జడ్జి దిద్దొచ్చు, లేదా ఆ అభ్యంతరాన్ని కింద నమోదు చేయొచ్చు. "చదివి వినిపించమని అడగాల్సింది మీరు. హడావుడిలో ఎవరూ అడగరు. మీరు అడగండి" అన్నారు.

ఆ అమ్మాయి కూర్చోలేదు. "ఇంకొకటి అడగొచ్చా మేడమ్?" అంది.