సైతాను తరఫు వకీలు

పొద్దున మీటింగులో నా ప్లాన్ చూపిస్తూ మూడో స్లైడ్‌కి వచ్చానో లేదో, ఎదురుగా కూర్చున్న సీనియర్ గొంతు సవరించుకుని, "జస్ట్ డెవిల్స్ అడ్వకేట్‌గా అడుగుతున్నా, ఏమీ అనుకోకండి" అన్నారు. అంటే తన అభిప్రాయం అది కాకపోయినా, వాదన కోసం సైతాను తరఫు వకీలులా ఎదురు ప్రశ్నలు వేస్తున్నానని. ఆ తర్వాత ఇరవై నిమిషాలు అడుగుతూనే ఉన్నారు. అనుకోవద్దన్నారు కాబట్టి పెన్ను క్యాపు తీస్తూ, పెడుతూ తలూపాను.

సీటుకి వచ్చాక పని సాగలేదు. ఇంతకీ ఈ సైతానుగారి వకీలు ఎవరా అని వెతికాను. నిజంగానే అలాంటి ఉద్యోగం ఒకటి ఉండేదట! కాథలిక్ చర్చిలో ఎవరినైనా సెయింట్‌గా ప్రకటించే ముందు విచారణ జరుగుతుంది. అందులో అభ్యంతరాలు చెప్పడానికే ఒక అధికారి. ఆ పదవిని 1587లో పోప్ ఐదో సిక్స్‌టస్ అధికారికంగా ఏర్పాటు చేశాడు. పోయిన మనిషి జీవితంలో లోపాలు వెతకడం, ఆయన మహిమ అని చెప్పేదానికి మామూలు కారణం ఏమైనా ఉందా అని నిలదీయడం అతని పని. పోయినవాళ్ళ గురించి చెడు మాట్లాడకూడదంటాం కదా, ఇక్కడ మాట్లాడకపోతే డ్యూటీ ఎగ్గొట్టినట్టే. అటువైపు వాదించేవాడిని దేవుడి వకీలు అనేవారట.

1983లో పోప్ రెండో జాన్ పాల్ పద్ధతి మార్చి ఆ పాత్రను బాగా తగ్గించేశాడు. అయినా మదర్ థెరిసా విషయంలో, ఆమెను ఘాటుగా విమర్శించిన క్రిస్టఫర్ హిచెన్స్‌ని పిలిచి ఆయన వాదనా విన్నారు. సైతాను తరఫున ఫీజు లేకుండా వాదించానని తర్వాత ఆయనే జోక్ చేసుకున్నాడు.

ఆ పాత వకీలుకి మనసులో ఎంత భక్తి ఉన్నా అభ్యంతరం చెప్పి తీరాలి. మా సీనియర్‌ది అందుకు రివర్స్. ఆయనకి నా ప్లాన్ మొదటి నుంచీ నచ్చలేదు. ఆ ముక్క సూటిగా చెప్పేస్తే పోయేదానికి, మధ్యలో పాపం సైతాన్ని లాగారు.

టెస్టింగ్‌కి నేను పెట్టిన నాలుగు రోజుల్లో రెండు శని, ఆదివారాలని కూడా ఆయనే అన్నారు. సాయంత్రం క్యాలెండర్ తీసి చూశాను. నిజమే. రేపు తేదీలు మార్చి మళ్ళీ పంపాలి. ఎవరు చెబితే మార్చానో మాత్రం మెయిల్‌లో రాయను.