కొత్తవలస ఎవరి వైపు?

పెద్ద ఊళ్లు చుట్టుపక్కల పల్లెల జనాన్ని కొనుగోళ్లకి ఎంత దూరం నుంచి లాగుతాయో చెప్పే సూత్రం ఒకటుంది. 1931లో విలియం రైలీ ఇచ్చాడు. జనాభా పెరిగేకొద్దీ ఊరి లాగుడు పెరుగుతుంది, దూరం రెట్టింపైతే అది నాలుగో వంతుకి పడిపోతుంది. ఈమధ్య దాన్ని మన విశాఖకీ విజయనగరానికీ వేసి చూశాను. 2011 లెక్కల్లో విశాఖ సుమారు 17 లక్షలు, విజయనగరం 2.3 లక్షలు. మధ్యలో 60 కిలోమీటర్లు అనుకుంటే, రెండింటి లాగుడూ సమానమయ్యే హద్దు విజయనగరానికి 16 కిలోమీటర్ల దగ్గరే తేలింది!

ఆ లెక్కన, రెండు ఊళ్ల మధ్యలో ఉన్న కొత్తవలస పూర్తిగా విశాఖదే. స్టేషన్లో బట్టల సంచులతో రైలు దిగిన ఒకావిడని అడిగాను. "పెళ్లి బట్టలకైతే వైజాగే బాబూ. కూరలు ఇక్కడే కొంటాం. కలెక్టరాఫీసు పనుంటే మాత్రం ఇజీనగరం ఎల్లాలి" అంది. మండలం ఆ జిల్లాది మరి. నా మ్యాపులో ఉన్నది ఒక్క గీతే, ఆవిడ మాటల్లో మూడున్నాయి.

అందుకే 1960ల్లో డేవిడ్ హఫ్ చెప్పిన పద్ధతి నాకు బాగా నచ్చింది. అందులో గట్టి హద్దు ఉండదు, ఒక్కో చోటికి వెళ్లే అవకాశం ఎంతో చూస్తారు. సరుకుని బట్టి దూరానికిచ్చే బరువు మార్చుకోవచ్చు. అయినా ఒకే సరుకుతో దూరాల నుంచి జనాన్ని లాగే అనకాపల్లి బెల్లం మార్కెట్ లాంటిది జనాభా అంకెలకి అందదు.

ఇప్పుడు కిలోమీటర్ల బదులు బస్సు ప్రయాణ సమయం పెట్టి ఎస్.కోట (శృంగవరపుకోట) వైపు లెక్క వేస్తున్నాను. ఆసుపత్రులు ఎక్కడ కట్టాలో తేల్చేటప్పుడు ఇలాంటి లెక్క ముందుండాలని నా గట్టి కోరిక. అటువైపు వాళ్లుంటే, ఒంట్లో బాగోకపోతే ఎటు వెళ్తారో చెప్పండి.