తలుపు తీయని అమ్మవారు, ముంతలో పెరుగు

ఖాట్మండులో మొదటి రెండు రోజుల గురించి పెద్దగా రాయడానికి లేదు. పశుపతినాథ్‌లో అందరూ చూసేదే చూశాం. అక్కడి ప్రధాన అర్చకులు కర్ణాటక వైపు నుంచి వచ్చే భట్టులని తెలిసి అమ్మ సంబరపడింది. స్వయంభూ స్తూపం మెట్ల మీద ఒక కోతి ఆవిడ చేతిలో అరటిపళ్ళ కవర్ లాక్కుపోయింది. అంతే. అసలు సంగతి మూడో రోజు భక్తపూర్‌లో.

13 కిలోమీటర్లే కదా, ట్యాక్సీ ఎందుకన్నది నేనే, కాబట్టి బస్సులో గంట పైన నలిగినందుకు ఎవర్నీ అనడానికి లేదు. సీట్ల మధ్య మోకాళ్ళు పట్టవు, కిటికీ తీస్తే దుమ్ము, మూస్తే ఉక్క. దిగగానే టికెట్. ఊళ్ళోకి వెళ్ళడానికి టికెట్టేమిటని అమ్మ గొణుగుడు. మనలాంటి సార్క్ దేశాల వాళ్ళకి తలకి 500 నేపాలీ రూపాయలు, మన 100కి వాళ్ళవి 160 కాబట్టి ఇద్దరికీ మన లెక్కలో 625. తెల్లవాళ్ళ దగ్గర మూడింతలు పైనే తీసుకుంటున్నారని తెలిశాక కొంచెం చల్లబడ్డాను.

రాజుగారి చౌకులో 55 కిటికీల ప్యాలెస్ ముందు ఫొటోలు దిగి, సందులోంచి తౌమఢి చౌకులోకి వెళ్ళాం. న్యాతపోల గుడి అక్కడ ఉంది. ఐదు కప్పులు ఒకదాని మీద ఒకటి, 1702లో భూపతీంద్ర మల్ల అనే రాజు కట్టించాడు. పక్కనున్న భైరవుడు ఊరిని అల్లకల్లోలం చేస్తుంటే ఆయన్ని అదుపులో పెట్టడానికి ఇక్కడ అమ్మవారిని నిలబెట్టారట. 1934 భూకంపానికీ పడలేదు, 2015లోనూ పడలేదు.

మెట్లకి రెండు పక్కలా కాపలా బొమ్మలు. అన్నిటికంటే కింద ఇద్దరు పహిల్వాన్లు, మామూలు మనిషికి పదింతల బలమట. వాళ్ళకి పదింతలు ఏనుగులు, వాటికి పదింతలు సింహాలు, ఆ పైన గద్దముక్కున్న సింహాల్లాంటివి, అన్నిటికీ పైన సింహిణి, వ్యాఘ్రిణి అనే దేవతలు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ ఒక్కో అంతస్తులో ఆగి ఆయాసపడుతూ "ఇప్పుడెంత? వెయ్యా, పదివేలా?" అని లెక్క అడుగుతూ ఎక్కింది. తీరా పైకి చేరితే తలుపుకి తాళం!

పూజారి టిఫిన్‌కి వెళ్ళాడేమోనని పావుగంట చూశాం. పక్కన నల్ల టోపీ పెట్టుకుని ఎండ కాగుతున్న ఒక ముసలాయన్ని నా వచ్చీరాని హిందీలో అడిగితే నవ్వాడు. లోపల సిద్ధిలక్ష్మి ఉందట, పూజారులు తప్ప ఎవరూ చూడకూడదట, తనకి డెబ్బై దాటాయి గానీ తనూ చూడలేదట. "మరి ఇన్ని మెట్లు ఎందుకు కట్టినట్టు?" అంది అమ్మ, తెలుగులోనే. ఆయనకి ఏం అర్థమైందో గానీ పక్కకి జరిగి, మెట్టు మీద చేత్తో తట్టి కూర్చోమన్నాడు.

కూర్చున్నాక గానీ చుట్టూ చూడలేదు. ఆ మెట్ల మీద మాలాంటి వాళ్ళు తక్కువ, ఊరి జనమే ఎక్కువ. కాలేజీ పిల్లలు, ఒళ్ళో పాపకి పాలపీక పెట్టిన తల్లి, మధ్యాహ్నం కునుకు తీస్తున్న ఒకాయన. పో అనేవాళ్ళు లేరు. కింద వీధుల్లో కూడా ఎక్కడ చూసినా కప్పున్న అరుగులే, పాటీలు అంటారు, వాటి నిండా ముసలివాళ్ళ కబుర్లు. మా ఊరి రామాలయం అరుగు మీదే మా తాతయ్య సాయంత్రాలన్నీ గడిచాయి. అయిదేళ్ళ కిందట దానికి ఇనుప గ్రిల్ వేసి తాళం పెట్టారు, పేకాట ఆడుతున్నారని. ఇక్కడేమో గుడికి తాళం, అరుగులకి లేదు.

దిగాక జూజూ ధౌ తిన్నాం, అంటే రాజా పెరుగు. మట్టి ముంతలో గేదెపాలతో తోడుపెడతారు, నీళ్ళు ముంత పీల్చేస్తుంది కాబట్టి గడ్డగా, చెంచాతో గీస్తే అంచు నిలబడేంత గట్టిగా ఉంటుంది. పైన లేత గోధుమరంగు మీగడ. అమ్మ ఒక చెంచా నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది. "పెరుగులో ఈ తీపేంట్రా, ఆవకాయ నంజుకోడానికి లేకుండా?" అంటూనే ముంత అడుగుదాకా గీకింది. ఖాళీ ముంత పారేయనివ్వలేదు, కుమ్మరివాళ్ళ చౌకులో ఎండలో ఆరబెట్టిన కుండల వరసలు చూసొచ్చాక దాన్ని కడిగి సంచీలో పెట్టుకుంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని అడిగింది.

"అమ్మవారి పేరేమన్నాడ్రా?"

"సిద్ధిలక్ష్మి."

"రేపు శుక్రవారం. పొద్దున్నే ఇంకోసారి వద్దామా?"

"తలుపు తీయరమ్మా."

"తీయకపోతే మానె. కాసేపు కూర్చుని వద్దాం."