ముందు దూరం, తర్వాత కరెంటు, ఆఖర్న కంట్రోలర్

ఇంటికి పిక్సెల్ లైట్లు పెడదామనుకునేవాళ్లు ఎవరైనా నన్ను మొదట అడిగేది ఒకటే: ఏ కంట్రోలర్ కొనాలి? కంట్రోలర్ ఆఖర్న కొనండి అంటాను. ఏ లైటు ఎక్కడ ఉంటుంది, దానికీ ప్లగ్గుకీ మధ్య ఎన్ని అడుగులు అన్నది తేలితే వోల్టేజీ, పవర్ సప్లై, కంట్రోలర్ మూడూ వాటంతట అవే తేలిపోతాయి. నా ఇంటి విషయంలో అలాగే జరిగింది.

మేం ఉండేది డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో. రెండంతస్తుల ఇల్లు, ముందు లాన్. చూరు వెంబడి లైట్లు, కిటికీలు, గరాజ్ తలుపు చుట్టూ లైట్లు, లాన్ మధ్యలో ఒక పొడవాటి స్తంభం మీంచి కిందికి లాగిన తీగలతో 'మెగా ట్రీ'. ఇదీ అనుకున్నది. గుంటూరులో మా నాన్నగారు డిసెంబరు రాగానే వరండాలో కాగితం స్టార్, సీరియల్ లైట్లు కట్టేవారు. ఆ ఇష్టమే నాకూ వచ్చింది. అయితే సీరియల్ లైట్లకు ప్లగ్ పెడితే చాలు. పిక్సెల్ లైట్లలో ప్రతి బల్బు వెనకా డబ్ల్యూఎస్2811 లాంటి చిన్న చిప్ ఉంటుంది, ఒక్కో బల్బుకీ విడిగా రంగు చెప్పాలి. అందుకే కంట్రోలర్, అందుకే విడిగా పవర్ సప్లై.

టేపు పట్టుకుని ఇల్లంతా కొలిచాను. చూరు 150 అడుగులు, అడుగుకి మూడు బల్బులు చొప్పున 450. కిటికీలు, గరాజ్ కలిపి 250. చెట్టుకి 16 తీగలు, ఒక్కోదానికి 50 చొప్పున 800. మొత్తం 1500 పిక్సెళ్లు. గరాజ్ గోడ నుంచి చెట్టు దాకా 45 అడుగులు. ఈ ఆఖరి అంకె మీదే నా ఆలోచనంతా నడిచింది.

మొదట వోల్టేజీ. పిక్సెళ్లు ముఖ్యంగా 5 వోల్టులవీ 12 వోల్టులవీ దొరుకుతాయి. ఫుల్ వైట్‌లో, అంటే తెలుపు పూర్తి వెలుగులో, ఒక్కో బల్బు 60 మిల్లీ ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. 5 వోల్టులదైతే అది 0.3 వాట్లు, మామూలు రెసిస్టర్ రకం 12 వోల్టులదైతే 0.72 వాట్లు. వెలుగు రెండింటిలోనూ దాదాపు అంతే, 12 వోల్టులదాంట్లో మిగిలినదంతా వేడిగా పోతుంది. కరెంటు పొదుపు ఒక్కటే చూస్తే 5 వోల్టులే నయం. కానీ తీగలో పడిపోయే వోల్టేజీ సంగతి చూడాలి. 18 గేజి రాగి తీగకి వెయ్యి అడుగులకి సుమారు 6.4 ఓముల రెసిస్టెన్స్. 45 అడుగులంటే పోనూ రానూ 90, అంటే దాదాపు 0.58 ఓములు. 3 ఆంపియర్లు పంపితే ఒకటిన్నర వోల్టుకి పైగా దారిలోనే పోతుంది. 12లో అది పోయినా బల్బు పనిచేస్తుంది. 5లో పోతే మిగిలేది మూడు చిల్లర. చివరి బల్బుల్లో నీలం ముందు నీరసపడుతుంది, తెలుపు కాస్తా ఎర్రగా కనిపిస్తుంది. 5 వోల్టుల్లో దాదాపు ప్రతి 50 బల్బులకీ మళ్లీ కరెంటు అందించాల్సి వస్తే, 12 వోల్టుల్లో 100 నుంచి 150కి ఒకసారి సరిపోతుంది. చూరు పైన నిచ్చెనెక్కి చేసే పని ఎంత తగ్గితే అంత మంచిది. 12 తీసుకున్నాను.

ఇక పవర్ సప్లై. 1500 బల్బులు ఫుల్ వైట్‌లో వెలిగితే 1080 వాట్లు. కానీ రాత్రి పూట ఈ బల్బులు 100 శాతం వెలిగితే కళ్లు చెదురుతాయి, ఎదురింటివాళ్లకి నిద్ర ఉండదు. 30, 40 శాతం వెలుగుకే వీధి చివరి నుంచి చక్కగా కనిపిస్తుంది. నేను 40 దగ్గర కట్టేశాను. దాంతో ఇంటి 700 బల్బులకి దాదాపు 200 వాట్లు, చెట్టు 800కి 230. సప్లై మీద రాసిన వాట్లలో 80 శాతం దాటి వాడకూడదన్న నియమం పెట్టుకున్నాను కాబట్టి 350 వాట్ల సప్లైలు రెండు సరిపోతాయని తేలింది. మీన్ వెల్ కంపెనీ ఎల్ఆర్ఎస్-350-12 తీసుకున్నాను: 12 వోల్టులు, 29 ఆంపియర్లు.

అంతకంటే చవగ్గా, పేరూ ఊరూ లేని సప్లై ఒకటి స్నేహితుడి దగ్గరుంటే తెచ్చి చూశాను. మీద 30 ఆంపియర్లని రాసుంది. చేత్తో పట్టుకుంటేనే మీన్ వెల్ కంటే తేలిగ్గా ఉంది. సగం లోడు పెట్టేసరికి మల్టీమీటర్ 11 కిందికి దిగింది. వర్షంలో, ఎవరూ చూడని వేళ గంటలకొద్దీ నడిచే వస్తువు ఇది. ఇక్కడ మాత్రం డబ్బు మిగుల్చుకోవద్దని గట్టిగా చెబుతాను.

సప్లై చేతికొచ్చాక అన్నిటికంటే ముందు చూడాల్సింది పక్కన చిన్న కన్నంలో ఉండే ఎర్ర స్విచ్. దాని మీద 115, 230 అని ఉంటుంది. అమెరికాలో 115 వైపు ఉండాలి. స్క్రూడ్రైవర్ మొనతో జరిపి, ఆ తర్వాతే వైర్లు బిగించాను: నల్లది లైన్‌కి, తెల్లది న్యూట్రల్‌కి, ఆకుపచ్చది ఎర్త్‌కి. ఎర్త్ వదిలేసి కట్టే వీడియోలు చూసి అలాగే చెయ్యకండి. లోడు లేకుండా ప్లగ్ పెట్టి, మీటర్‌లో 12 వచ్చాక బల్బులు తగిలించాను.

ఇప్పుడు కంట్రోలర్. ఒక పిక్సెల్‌కి 24 బిట్లు, సెకనుకి 8 లక్షల బిట్ల వేగం. అంటే ఒక్కోదానికి 30 మైక్రోసెకన్లు. సెకనుకి 40 ఫ్రేములు, అంటే 40 సార్లు రంగులు మార్చడం, కావాలన్నా ఒక పోర్టు (కంట్రోలర్ బోర్డు మీద బల్బుల తీగ తగిలించే చోటు, డేటా, కరెంటు రెండూ ఇక్కడి నుంచే) మీద 800 బల్బుల దాకా డేటా నడుస్తుంది. ఇది చదివి రెండు పోర్టుల బోర్డు చాలనుకోవడం సహజం. కానీ పోర్టుకి ఉండే ఫ్యూజు మామూలుగా 5 ఆంపియర్లు. ఫుల్ వైట్‌లో 83 బల్బులకే అది నిండిపోతుంది. 40 శాతంలో 100 బల్బులకి 2.4 ఆంపియర్లు, ఫ్యూజుకి సగం కూడా కాదు. పోర్టుకి వంద చొప్పున ఇంటికి ఏడు, చెట్టుకి ఎనిమిది పోర్టులు కావాలి.

ఇక్కడ రెండు దారులు కనిపించాయి. ఫాల్కన్ ఎఫ్16వీ4 లాంటి 16 పోర్టుల బోర్డు గరాజ్‌లో పెట్టి, చెట్టు దగ్గర రిసీవర్, అంటే ఆ బోర్డు పంపిన డేటాని అందుకుని బల్బులకి ఇచ్చే చిన్న బోర్డు, పెట్టడం ఒకటి. క్యాట్5 నెట్‌వర్క్ కేబుల్లో నాలుగు జతల తీగలుంటాయి కాబట్టి ఒక్కో కేబుల్ మీద నాలుగు పోర్టుల డేటా దూరం పోతుంది, చెట్టుకి రెండు కేబుళ్లు కావాలి. రెండోది, ఈఎస్‌పీ32 చిప్ మీద డబ్ల్యూఎల్ఈడీ అనే లైట్ల సాఫ్ట్‌వేర్ నడిచే ఎనిమిది పోర్టుల బోర్డులు రెండు కొని, ఎక్కడి బోర్డు అక్కడే పెట్టడం. రిసీవర్ పెట్టినా చెట్టు దగ్గర పవర్ సప్లై ఎలాగూ ఉండాల్సిందే, దానికో వాటర్‌ప్రూఫ్ పెట్టె ఉండాల్సిందే. అలాంటప్పుడు కంట్రోలర్ కూడా అదే పెట్టెలో ఉంటే ఒకటి పోయినా రెండోది వెలుగుతూ ఉంటుంది. అందుకే రెండో దారి పట్టాను. డబ్ల్యూఎల్ఈడీలో ఇన్ని మిల్లీ ఆంపియర్లు దాటవద్దని పరిమితి పెట్టుకునే సౌకర్యం ఉంది, అదీ నాకు నచ్చింది. ఒక్కటి చూసుకోవాలి: ఈఎస్‌పీ32 డేటా 3.3 వోల్టులే ఇస్తుంది, బోర్డు మీద దాన్ని 5 వోల్టులకి పెంచే లెవెల్ షిఫ్టర్ ఉండాలి. లేకపోతే బల్బులు మిణుకుమిణుకుమంటాయి.

వైఫై మీద ఆధారపడలేదు. రెండు బోర్డులకీ ఈథర్నెట్ కేబుల్ లాగాను, అది 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. పాటలకి లైట్లు అమర్చడానికి ఎక్స్‌లైట్స్ అనే సాఫ్ట్‌వేర్, ఉచితం. ఇంట్లో ఒక రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ మీద, ఆ అమర్చిన షోని నడిపించే ఎఫ్‌పీపీ (ఫాల్కన్ ప్లేయర్) నడుస్తుంది, బోర్డులకి డేటా డీడీపీ అనే పద్ధతిలో పంపిస్తుంది. ఈ1.31 అనే ఇంకో పద్ధతి వాడితే డేటాని 170 పిక్సెళ్లకో 'యూనివర్స్' చొప్పున ముక్కలు చేసి లెక్కపెట్టుకోవాలి. డీడీపీలో ఆ గొడవ లేదు.

చెట్టు దాకా 120 వోల్టులే ఎక్స్‌టెన్షన్ కార్డులో తీసుకెళ్లాను. 230 వాట్లకి 120 వోల్టుల్లో కావాల్సిన ఆంపియర్లు తక్కువ, దారిలో పోయేది లెక్కలోకి రాదు. దూరం ఎక్కువ వోల్టేజీతో వెళ్లి, చివరి కొన్ని అడుగులే 12తో వెళ్లాలి. ఇంటి చూరు మీద మధ్యలో కరెంటు అందించిన చోట ఒకే సప్లై నుంచి ఇచ్చాను. రెండు సప్లైల ప్లస్ తీగలు ఎప్పుడూ కలపకూడదు, గ్రౌండ్ మాత్రం డేటా వెళ్లే చోటల్లా కలిసే ఉండాలి.

ఏ ప్లగ్గు వాడాలన్నది కూడా చూసుకోవాల్సిందే. 15 ఆంపియర్ల సర్క్యూట్‌లో గంటల తరబడి వాడేవాటికి 80 శాతమే లెక్క, అంటే 1440 వాట్లు. నాది 500 లోపే. కానీ మన ఇళ్లలో గరాజ్‌లో రెండో ఫ్రిజ్ ఉంటుంది. బయటి ప్లగ్గుకీ దానికీ ఒకే జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే రక్షణ స్విచ్) ఉంటే, వానకి లైట్లతో పాటు ఫ్రిజ్ కూడా ఆగిపోతుంది, పొద్దున్న దాకా తెలియదు. జీఎఫ్‌సీఐ బటన్ నొక్కి, ఏవేవి ఆగుతున్నాయో చూసి, వరండా పక్క ప్లగ్గు ఎంచుకున్నాను. కార్డు అతుకుల్ని నేల మీద వదలకుండా చిన్న మేకులకి ఎత్తి కట్టాను. తడికి ట్రిప్ అయ్యేది ఎక్కువగా అక్కడే.

అంతా బిగించాక 40 శాతం తెలుపులో వాట్ మీటర్ పెట్టి చూస్తే నా లెక్క కంటే తక్కువే చూపించింది. గంటన్నర అలాగే వెలిగించి ఫ్యూజుల్నీ టెర్మినళ్లనీ ముట్టుకుని చూశాను. ఒక్కటీ వేడెక్కలేదు.

ఫొటోలు చూసి గుంటూరు నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు, వాళ్ల చర్చికి ఇలాగే చేస్తాడట. "అన్నయ్యా, ఇక్కడ 230 కదా, అదే సప్లై పనికొస్తుందా?" అన్నాడు. "పనికొస్తుంది. ప్లగ్ పెట్టకముందే ఎర్ర స్విచ్ 230 వైపు ఉందో లేదో చూడు. 115లో పెట్టి కరెంటిచ్చావంటే కాలిపోతుంది. ముందు టేపు తీసుకెళ్లి చర్చి కొలుచుకురా, కంట్రోలర్ సంగతి తర్వాత చూద్దాం" అన్నాను.